మంచు కురవని దేశంలో మంచు చరిత్ర

ఉగాది ఉత్సవంలో పిల్లలచేత ఏమి ప్రదర్శింపజేయాలా అని ఆలోచించుకోవడానికి మేము ఏడెనిమిది కుటుంబాలవాళ్ళం సైబర్‌జయలో ఒక ఇంట చేరాము. బయట మధ్యాహ్నపు వాన, ఉరుములు. ఆ ఇంటి పెద్దావిడ, తొంభై ఏళ్ళు దాటిన మామ్మగారు, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వాన చూస్తూ ఉన్నట్టుండి ఒక మాట అన్నారు. "మా ఊళ్ళో ఇలాంటి వానలోనే ఒకసారి వడగళ్ళు పడ్డాయి. ఉసిరికాయలంత. మా నాన్న ఒకదాన్ని కత్తిపీట మీద రెండు చెక్కలు చేసి చూపించాడు. లోపల ఉల్లిపాయలో ఉన్నట్టు పొరలు. ఒక పొర గాజులాగ, ఒక పొర పాలలాగ."

పిల్లలు నవ్వేశారు. "ఆకాశం నుంచి ఐసు పడిందా మామ్మా? మీ ఊళ్ళో అప్పటికి కరెంటే లేదన్నారు గదా!" అన్నాడు మునిమనవడు. కలగని ఉంటారని ఇంకో పిల్ల. పెద్దవాళ్ళమైన మేమైనా ఔనని గట్టిగా చెప్పలేకపోయాము. మాలో చాలామంది ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాళ్ళం. వడగళ్ళు కంటితో చూసినవాళ్ళు ఆ గదిలో ఆవిడ తప్ప మరొకరు లేరు. మామ్మగారు మరి మాట్లాడలేదు. టెక్కలి వైపు పల్లెలో పుట్టి, యుద్ధం తరువాత కొత్త పెళ్ళికూతురుగా మద్రాసులో రజూలా ఓడ ఎక్కి పినాంగులో దిగి, బాగాన్ దాతో కొబ్బరితోటల్లో జీవితమంతా గడిపిన మనిషి. ఆవిడ మాటకు సాక్ష్యం చెప్పగలవాళ్ళు ఎవరూ మిగలలేదు. ఆ పూట ఆవిడ ఊరుకున్న తీరు మాకు కష్టంగా తోచింది. అందుచేత మంచు ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఆ సంగతి మనుషులు ఎప్పుడెప్పుడు ఎలా తెలుసుకున్నారు అని మేము తెలిసినంతలో కూడబెట్టి ఇక్కడ రాస్తున్నాము.

సైబర్‌జయ గురించి ఈ సంచిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. సెలంగోర్ రాష్ట్రంలో సెపాంగ్ జిల్లా. ఒకప్పుడు తోటలున్న నేల. 1997 మే 17న అప్పటి ప్రధాని మహతీర్ మహమ్మద్ ఈ నగరాన్ని ప్రారంభించారు. రెండేళ్ళలో మల్టీమీడియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఆంధ్రదేశం నుంచి కంప్యూటరు పనిమీద వచ్చిన కొత్తవాళ్ళూ, తాతల నాటినుంచి ఇక్కడే ఉన్న మనవాళ్ళూ కలుసుకున్న ఊరు ఇది. ఇక్కడ చలికాలం లేదు. రాత్రి బాగా చల్లబడినా 22, 23 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గేది అరుదు. మంచు అంటే పిల్లలకు ఫ్రిజ్ లోపలి గోడ, లేకపోతే సినిమా.

ముందుగా మాటల సంగతి. తెలుగులో మంచు అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. తెల్లవారి గడ్డిమీద నిలిచే నీటిబొట్టు మంచే. పౌష్యమాసంలో దారి కనపడకుండా కమ్మేదీ మంచే. హిమాలయాల మీద తెల్లగా పరుచుకున్నదీ మంచే. కాని ఆకాశం నుంచి రాయిలాగ పడేదాన్ని మాత్రం మనవాళ్ళు మంచు అనలేదు. వడగళ్ళు అన్నారు; తెలంగాణంలో రాళ్ళవాన అని కూడా అంటారు. వడగాలిలోనూ వడదెబ్బలోనూ ఉన్న వడే ఆ వడగళ్ళలోనూ వినిపిస్తుంది. అవి పడేది కూడా మండువేసవి మొదట్లోనే గదా. పూర్వం మన పిల్లలు బడిలో వల్లెవేసిన అమరకోశంలో వడగల్లుకు కరక అనీ, వర్షోపలం అనీ పేర్లున్నాయి. ఉపలమంటే రాయి. ఇక మంచుకు అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఏడు మాటలు చెప్పారు. ఇప్పుడు మలయ్ భాష చూడండి. వడగళ్ళవానకు హుజాన్ బాటు అంటారు, అంటే రాళ్ళవానే. మనం తాగే పానీయంలో వేసుకునే ఐసుకు ఆయెర్ బాటు, అంటే రాతినీరు. ఎక్కడి మలయ్ రైతు, ఎక్కడి తెలంగాణం రైతు! ఇద్దరూ ఒకే పోలిక పట్టుకున్నారు. బయట కురిసే మంచుకు మాత్రం మలయ్ భాష అరబ్బీ నుంచి తెచ్చుకున్న సల్జి అనే మాట వాడుతుంది; కురవని వస్తువుకు సొంతమాట ఎందుకుంటుంది?

మంచు తెల్లవాళ్ళు తెచ్చిన వస్తువని మన పిల్లలేకాదు, పెద్దలూ కొందరు అనుకుంటారు. ఇది సగమే నిజం. అక్బరు ఆస్థానంలో అబుల్ ఫజల్ రాసిన అయినీ అక్బరీలో సూరేకారంతో నీటిని చల్లబరచే పద్ధతీ, హిమాలయ ప్రాంతాల నుంచి లాహోరుకు మంచు తెప్పించుకోవడమూ వర్ణించబడి ఉన్నవి. అంతకన్నా విచిత్రమైనది గంగా మైదానంలో మట్టి మూకుళ్ళలో మంచు పండించిన పద్ధతి. పండించడమనే అనాలి, అది అచ్చంగా వ్యవసాయంలాగే సాగింది. దీన్ని సర్ రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి అలహాబాదులో చూసి 1775లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు.

బయలు నేలలో సుమారు ముప్పై అడుగుల చదరం, రెండడుగుల లోతు గొయ్యి తవ్వేవారు. అందులో ఎనిమిది అంగుళాల నుంచి అడుగు మందాన ఎండు చెరకు చొప్ప, మొక్కజొన్న చొప్ప పరిచేవారు. దానిమీద మెరుగు పెట్టని పలచని మట్టి మూకుళ్ళు వరుసగా పేర్చేవారు. లోతు అంగుళం పావు మాత్రమే. కాచి చల్లార్చిన నీరు మునిమాపువేళ వాటిలో పోసి వెళ్ళిపోయేవారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఈ పని. తెల్లవారకముందే వచ్చి, మూకుళ్ళలో కట్టిన మంచు పలకలు తీసి, గోతిలో దిమ్మిస వేసి నిలవచేసేవారు. విశేషమేమంటే, చాలా రాత్రులు గాలి సున్నా డిగ్రీలకు దిగకుండానే మూకుడులో నీరు గడ్డకట్టేది!

ఇది ఎలా సాధ్యం? ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి భూమ్మీది ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనపడని కిరణాల రూపంలో పైకి పంపేస్తుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలాగ ఆ వేడిని వెనక్కు పంపుతుంది. మబ్బు లేకపోతే పోయింది పోయినట్టే. కింది భూమి నుంచి వేడి ఎక్కకుండా ఎండు చొప్ప అడ్డం. పలచని నీరు కనుక త్వరగా చల్లబడుతుంది. 1814లో లండనులో డాక్టర్ వెల్స్ మంచుబిందువులపై రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ భారతీయ పద్ధతి మర్మాన్ని ఇలాగే విప్పాడు. మబ్బు పట్టినా, గాలి బలంగా వీచినా, చొప్ప తడిసినా ఆ రాత్రి మంచు లేదు. ఆ చొప్ప పరిచిన కూలివాళ్ళకు కిరణాల సిద్ధాంతం తెలియదు, కాని ఏ రాత్రి మూకుళ్ళు పెట్టాలో, ఏ రాత్రి ఇంటికి పోయి పడుకోవాలో తెలుసు. రబ్బరుతోటలో చీకటితోనే లేచి, చల్లదనంలో పాలు బాగా కారుతాయని చెట్టు గీసిన మన తాతలకు ఆ కూలివాళ్ళ బాధ అర్థమయ్యేది.

మన మన్యంలోనూ ఇలాంటి రాత్రులు లేకపోలేదు. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు వస్తుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొర్రు కట్టి కర్రలాగ అయిపోతాడని దానికి అక్కడివాళ్ళు చెప్పుకునే అర్థం.

తరువాత వచ్చింది సముద్రపు మంచు. అంటే సముద్రం మీద వచ్చిన మంచు. అమెరికాలోని బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువులను రంపాలతో కోయించి, ఆ దిమ్మెలను రంపపుపొట్టులో పొదిగి వేడి దేశాలకు ఎగుమతి చేసేవాడు. 1833 మే నెలలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్ విడిచి, నాలుగు నెలలు ప్రయాణం చేసి, రెండుసార్లు భూమధ్యరేఖ దాటి, సుమారు వంద టన్నుల మంచుతో కలకత్తా చేరింది. తరువాత మద్రాసుకూ వచ్చింది. దాన్ని నిలవచేయడానికి 1842 ప్రాంతంలో సముద్రపు ఒడ్డున కట్టిన గుండ్రటి కట్టడమే ఐస్ హౌస్. 1870ల తరువాత ఆవిరియంత్రాలతో మంచు తయారుచేయడం రావడంతో ఆ వ్యాపారం కరిగిపోయింది. కట్టడం చేతులు మారింది. 1897లో స్వామి వివేకానంద అమెరికా నుంచి తిరిగివచ్చినప్పుడు అందులో బస చేశారు. ఇప్పుడది వివేకానంద భవనం, కాని ఆ పేటను జనం ఐస్ హౌస్ అనే పిలుస్తారు. ఓడ కోసం మద్రాసులో రోజుల తరబడి ఆగిన మన పెద్దలు ఆ పేరు వినే ఉంటారు. సింగపూరులో వాంపోవా అని అందరూ పిలిచే చైనా వర్తకుడు హో ఆ కే కూడా 1854లో మంచుగిడ్డంగి పెట్టాడు గాని అది ఎంతోకాలం నడవలేదు.

ట్యూడర్ మంచుకు అంత గిరాకీ ఎందుకంటే అది అద్దంలాగ ఉండేది. చెరువు నీరు పైనుంచి కిందికి, చాలా నెమ్మదిగా గడ్డకడుతుంది. మంచు స్ఫటికం తనలోకి నీటి అణువులను తప్ప దేనినీ రానివ్వదు. ఉప్పయినా, మురికైనా, నీటిలో కరిగి ఉన్న గాలైనా సరే, బయటికి తోసేస్తుంది. నెమ్మదిగా పెరిగితే తోయడానికి వ్యవధి ఉంటుంది. మంచు స్వచ్ఛంగా వస్తుంది. తొందరగా గడ్డకడితే ఆ గాలి బుడగలు ఎక్కడివక్కడ చిక్కుపడిపోయి మంచు పాలలాగ తెల్లబడుతుంది. మామ్మగారు చెప్పిన గాజుపొర, పాలపొర అనే మాట ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

దీన్ని చూడడానికి చెరువు అక్కరలేదు. మీ ఇంట్లో ఫ్రిజ్‌లో కట్టిన ఐసుముక్క తీసి వెలుగుకు పట్టి చూడండి. అంచులు తేటగా, నడుమ తెల్లగా ఉంటుంది. అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ తరిమిన గాలి చివరకు నడిమిలో చిక్కుకుందన్నమాట. కాకినాడ, విశాఖపట్నం రేవుల దగ్గర చేపలకోసం ఐసుదిమ్మెలు పోసే ఫ్యాక్టరీలవాళ్ళకు ఇది రోజువారీ సంగతి. రేకుడబ్బాల్లో నీరు పోసి వాటిని చల్లని ఉప్పునీటి తొట్టిలో దింపుతారు. మొదటి అంగుళం చకచకా కడుతుంది. ఆ తరువాత కట్టిన మంచే వేడి బయటికి పోవడానికి అడ్డమవుతుంది, అందువల్ల మందం రెండింతలైతే సమయం నాలుగింతలవుతుంది. సుమారు 136 కిలోల పెద్ద దిమ్మె పూర్తిగా కట్టడానికి రెండు రోజులు పడుతుంది. తొందరపడి ఉప్పునీటిని మరీ చల్లబరిస్తే దిమ్మె పగుళ్ళిస్తుంది. సైబర్‌జయలో అనేక భవనాలకు ఒకే కేంద్రం నుంచి గొట్టాల ద్వారా చల్లని నీరు పంపే ఏర్పాటు ఉన్నది. ప్రపంచంలో ఇటువంటి కేంద్రాలు చాలాచోట్ల రాత్రి విద్యుత్తు చవకగా ఉన్నప్పుడు తొట్లలో చన్నీరో మంచో నిలవచేసి పగలు వాడుకుంటాయి. రాత్రి చలువను పగటికి దాచుకోవడం! అలహాబాదు కూలివాళ్ళు చేసిందీ ఆ పనే.

ఇంతవరకు నీటినుంచి కట్టే మంచు. ఆవిరినుంచి నేరుగా పుట్టే మంచు వేరు. దాని అందమూ వేరు, చిక్కూ వేరు. ఆకాశంలో పుట్టే మంచుపువ్వుకు ఆరు రేకులే ఉంటాయని క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలోనే చైనా పండితుడు హాన్ యింగ్ రాశాడు. మన పక్కింటి చైనా మిత్రులకు ఈ సంగతి చెబితే సంతోషిస్తారు. ఐరోపాలో 1611లో జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు యోహాన్ కెప్లర్, ప్రాగు నగరంలో తన కోటుమీద పడిన మంచురేకలు చూసి, ఐదో ఏడో కాక ఎప్పుడూ ఆరే ఎందుకని ఒక చిన్న పుస్తకం రాసి, తన పోషకుడికి కొత్త సంవత్సరపు కానుకగా ఇచ్చాడు. తేనెపట్టు గదులతో పోల్చాడు, దానిమ్మగింజల అమరికతో పోల్చాడు, చివరకు తేల్చలేక భావితరాలకు వదిలేశాడు. తేలింది 1920ల దశకంలో. ఎక్స్ కిరణాలతో చూస్తే మంచులో నీటి అణువులు ఆరుకోణాల గళ్ళుగా అల్లుకుని ఉన్నాయని తెలిసింది.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ 1885లో మొదటిసారిగా ఒక మంచు స్ఫటికాన్ని సూక్ష్మదర్శిని ద్వారా ఫోటో తీశాడు. ఐదువేలకు పైగా తీశాడు. చదువుకున్నవాళ్ళు కాదు, పాడిరైతు! 1931లో పుస్తకం వెలువడింది. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు.

అయితే ఏ పరిస్థితిలో ఏ ఆకారం వస్తుందో తేల్చిన గౌరవం ఆసియావాడిదే. ఉకిచిరో నకయా అణుభౌతికశాస్త్రం చదువుకున్నవాడు. 1930లో జపాను ఉత్తరాన హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ తన విద్యకు కావలసిన పరికరాలు లేవు. మంచు మాత్రం కావలసినంత ఉంది. సరే, ఉన్నదాన్నే చదువుదామనుకున్నాడు. గడ్డకట్టే చలిగదిలో నిలబడి, అడుగున వెచ్చని నీరు, పైన చలిగాలి ఉండే గాజుగొట్టం అమర్చి, పైకి లేచే ఆవిరి ఒక దారం మీద స్ఫటికంగా పట్టేలా చేయాలని ప్రయత్నించాడు. పట్టుదారం, నూలుదారం, సాలెగూడు పోగు అన్నీ వేసి చూశాడు. దారం పొడుగునా నూగులాగ మంచు పట్టేది గాని పువ్వు విచ్చుకునేది కాదు. చివరకు కుందేలు వెంట్రుక పనికివచ్చింది. దానిమీద అక్కడక్కడ చిన్న కణుపులుంటాయి. ఆ కణుపు దగ్గరే స్ఫటికం మొలిచింది. 1936 మార్చి 12న మనిషి చేతిలో మొదటి మంచుపువ్వు విరిసింది.

ఆ తరువాత నకయా చలినీ తేమనూ మార్చి మార్చి చూసి ఒక పటం గీశాడు. సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందనయితే పలచని పలకలు. మైనస్ 5 దగ్గర సన్నని సూదులు, బోలు స్తంభాలు. మైనస్ 15 దగ్గర మళ్ళీ పలకలు. తేమ సమృద్ధిగా ఉంటే అవే కొమ్మలు రెమ్మలు వేసిన నక్షత్రాలవుతాయి. ఇంకా కిందికి పోతే మళ్ళీ పొట్టి స్తంభాలు, పలకలు. చలి ఆకారపు జాతిని నిర్ణయిస్తే తేమ అలంకారాన్ని నిర్ణయిస్తుంది. తేమ తక్కువయితే స్ఫటికం నెమ్మదిగా, అంచులు చదునుగా పెరుగుతుంది. ఎక్కువయితే మూలలు ముందుకు దూసుకుపోతాయి, ఎందుకంటే ముందుకు పొడుచుకొచ్చిన మూలకు కొత్త ఆవిరి ముందుగా అందుతుంది. అందినకొద్దీ ఇంకా పొడుచుకొస్తుంది. ఆకాశంలో ఒక పువ్వు పడుతూ పడుతూ రకరకాల పొరలు దాటుతుంది. ఆరు కొమ్మలూ కలిసే ప్రయాణం చేస్తాయి కనుక ఆరూ ఒకే పోలికగా ఉంటాయి. వేరే పువ్వు దారి వేరు కనుక దాని రూపూ వేరు. అందుకే నకయా ఆ స్ఫటికాన్ని ఆకాశం రాసిన ఉత్తరంతో పోల్చాడు. చదవడం వస్తే పైన ఎంత చలి ఉందో, ఎంత తేమ ఉందో అందులోనే రాసి ఉంటుంది. రెండు డిగ్రీలకు పలక, ఐదుకు సూది, పదిహేనుకు మళ్ళీ పలక ఎందుకో మాత్రం ఈనాటికీ శాస్త్రజ్ఞులు వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు మళ్ళీ సైబర్‌జయ కిటికీ దగ్గరకు వద్దాము. మంచు కురవని దేశం అని శీర్షికలో రాశాము గదా, అది నేలమీది మాట. మన నెత్తిమీద సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తున ఏడాది పొడుగునా సున్నా డిగ్రీలే. ఇక్కడ ఉదయం నుంచి ఎండకాసి, మధ్యాహ్నానికి పైకిలేచే మబ్బు పదిహేను కిలోమీటర్ల వరకూ పోతుంది. ఆ శిఖరం దగ్గర మైనస్ 70 డిగ్రీల చలి. ఎండలో చెమటలు కక్కుతూ మనం నడిచే దారికి నేరుగా పైన జపాను శీతాకాలాన్ని మించిన శీతాకాలం ఉన్నది.

ఆ మబ్బులో నీటిబొట్టు సున్నా దాటగానే గడ్డకడుతుందని అనుకుంటాము. కట్టదు. శుభ్రమైన చిన్న బొట్టు మైనస్ 38 దాకా కూడా నీరుగానే ఉండగలదు. దీన్ని అతిశీతల జలమంటారు. గడ్డకట్టాలంటే మొదట ఒక బీజం కావాలి. బంకమన్ను ధూళి కావచ్చు, ఆకులమీది కొన్ని సూక్ష్మజీవులు కావచ్చు. పెరుగుకు తోడు కావలసినట్టే. అలా ఒక్క స్ఫటికం పుట్టిందంటే దానికి మహాయోగం పడుతుంది. మైనస్ 10 దగ్గర మంచుమీద నిలవగల ఆవిరి, నీటిమీద నిలవగల ఆవిరికంటే సుమారు 10 శాతం తక్కువ. కాబట్టి నీటిబొట్టుకు చాలీచాలని తేమ స్ఫటికానికి మిక్కుటం. చుట్టూ ఉన్న బొట్లు ఆవిరైపోతుంటాయి, ఆ ఆవిరి తిని స్ఫటికం బలుస్తుంది. దీన్ని 1911లో జర్మను శాస్త్రజ్ఞుడు వెగెనర్ సూచించగా, 1930లలో స్వీడన్‌వాడు బెర్గెరాన్, జర్మనుడు ఫిండైసెన్ వానకు అన్వయించి చెప్పారు. మన మధ్యాహ్నపు కుండపోతలో అన్ని చినుకులూ ఇలా పుట్టినవే అనలేము. వేడిమబ్బుల్లో బొట్టూ బొట్టూ కలిసి కూడా వాన అవుతుంది. కాని పెద్ద ఉరుములమబ్బు నుంచి పడే చినుకుల్లో చాలా భాగం ఒకప్పుడు మంచే.

మేఘమథనమని మనవాళ్ళు పేరుపెట్టిన పని కూడా ఈ తోడు సంగతే. 1946లో అమెరికాలో షేఫర్ అనే ఆయన అతిశీతల మబ్బులో గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు పొడిచల్లి స్ఫటికాలు పుట్టించాడు. అదే ఏడాది వొన్నెగట్ అనే సహోద్యోగి సిల్వర్ అయొడైడ్ ఇంకా మంచి తోడని కనిపెట్టాడు. దాని స్ఫటికపు అల్లిక మంచు అల్లికకు దగ్గర పోలిక.

ఇక ఉరుముల మాట. కౌలాలంపూరు చుట్టుపక్కల ప్రాంతం ప్రపంచంలో పిడుగులు ఎక్కువగా పడే చోట్లలో ఒకటి. ఆ పిడుగు కూడా మంచు చేసే పనే. స్ఫటికం మీద అతిశీతల జలపు బొట్లు తగిలి అక్కడికక్కడే గడ్డకట్టుకుపోతే అది సగ్గుబియ్యంలాంటి మెత్తని మంచు పలుకు అవుతుంది. ఈ పలుకులు కిందికి జారుతుండగా తేలిక స్ఫటికాలు పైకి కొట్టుకుపోతూ వాటిని ఢీకొంటాయి. ఆ రాపిడిలో సాధారణంగా స్ఫటికానికి ధనవిద్యుత్తు, పలుకుకు ఋణవిద్యుత్తు వస్తాయి. పైది పైకి, కిందిది కిందికి వేరై, విద్యుత్తు పేరుకుని, చివరకు మెరుపవుతుంది. ఉరుము వినపడిందంటే పైన మంచు ఉన్నట్టే. ఆ మధ్యాహ్నం మామ్మగారి మాటకు పిల్లలు నవ్వుతున్నప్పుడు ఉరుములు ఉరిమిన సంగతి మాకు ఇది చదివిన తరువాతనే తట్టింది.

ఆ మంచు పలుకునే బలమైన పైగాలి కిందపడనివ్వకుండా మోస్తూ ఉంటే వడగల్లు తయారవుతుంది. దానికి తగిలిన అతిశీతల జలం వెంటనే గడ్డకడితే గాలిబుడగలు చిక్కుకుని పాలపొర. నీరు సమృద్ధిగా తగిలి, రాయి పైభాగం తడిగానే ఉండి, నెమ్మదిగా గడ్డకడితే బుడగలు తప్పించుకుని గాజుపొర. మబ్బులో ఒక్కొక్క తావు దాటినప్పుడు ఒక్కొక్క పొర. చెరువు మంచుకూ ఫ్రిజ్‌లోని ఐసుముక్కకూ ఏ న్యాయమో వడగల్లుకూ అదే న్యాయం. శాస్త్రజ్ఞులు వడగళ్ళను కోసి పొరలు లెక్కపెడతారు. మామ్మగారి తండ్రి కత్తిపీట మీద చేసిందీ అదే. చూడనివాళ్ళు ఊహించి చెప్పగల సంగతి కాదు ఇది. ఉసిరికాయంత అని ఎవరైనా కల్పించవచ్చు. ఒక పొర గాజు, ఒక పొర పాలు అని కల్పించలేరు.

మరి ఇక్కడ ఇంత మంచు పుడుతూ ఉండగా వడగళ్ళు ఎందుకు కనపడవు? అసలు లేవని కాదు, హుజాన్ బాటు అనే మాటే ఉన్నది గదా, చాలా అరుదు. ఇక్కడి గాలి కిందినుంచి పైదాకా తేమగా, వెచ్చగా ఉంటుంది. ఐదు కిలోమీటర్లు ఆ వెచ్చని గాలిలో పడేసరికి చిన్నరాయి కరిగి చినుకైపోతుంది. తెలుగునేలమీద మార్చి, ఏప్రిల్ నెలల్లో కింద ఎండ తీవ్రం, పైన గాలి పొడి. ఎండవల్ల పైకెగిసే గాలికి రాళ్ళను మోసే బలం వస్తుంది. పొడిగాలిలో నీరు ఆవిరవుతూ రాయి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది కనుక కరగడం ఆలస్యమవుతుంది. రాయి రాయిగానే నేలకు చేరుతుంది. వడ ఉన్నచోటే వడగళ్ళు! 2023 మార్చిలో వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతంలో వడగళ్ళు పడి పొలాలు తెల్లగా పరుచుకుపోయిన దృశ్యాలు మనలో చాలామంది చరవాణుల్లో చూసే ఉంటాము. చూసి కాశ్మీరులా ఉందని ముచ్చటపడ్డవాళ్ళు ఉన్నారు. పంట పోయిన రైతుకు అది ముచ్చట కాదు.

ఈ వివరాలన్నీ ఒక ఆదివారం ఆ ఇంటనే పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపించాము. మునిమనవడు ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తెచ్చి కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. తెల్లటి నడిమి భాగాన్ని మామ్మగారికి చూపించాడు. ఆవిడ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, కరుగుతుంటే గిన్నెలో వేశారు. మలయ్ వాళ్ళలో ఒక సామెత ఉన్నది. పరాయిదేశంలో బంగారపువాన కురిసినా, తనదేశంలో రాళ్ళవాన కురిసినా, తనదేశమే మేలని దాని భావం. బాగాన్ దాతోలో పొరుగింటి మలయ్ ఆవిడ చెప్పగా ఆ సామెత విన్నాననీ, అప్పుడు తాను నవ్వి ఊరుకున్నాననీ మామ్మగారు చెప్పారు.

"ఎందుకు నవ్వారు మామ్మా?" అన్నాడు పిల్లవాడు.

"ఆ వడగళ్ళకే మా మామిడితోట పిందె పిందె రాలిపోయింది. గుత్తకు ఇచ్చినవాడు డబ్బు వెనక్కి అడిగాడు. ఆ అప్పు తీరకనే మా అన్న రంగం వెళ్ళాడు. ఆ తరువాత నన్ను ఈ దేశపు సంబంధానికి ఇచ్చారు" అన్నారు ఆవిడ.

ఇది మాలో ఎవరికీ తెలియదు. ఆవిడ కొడుకుకూ తెలియదు. పిల్లవాడు నోటుపుస్తకం తెచ్చుకుని, ఆ తోటలో ఎన్ని చెట్లు ఉండేవి అని అడిగి రాసుకోవడం మొదలుపెట్టాడు.